ప్రభుత్వ ట్రైనీ ఇంటర్వ్యూ: మీరు రాసిన కాగితంలోంచే ప్రశ్నలు వస్తాయి

అమ్మా, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. ఇల్లు గాజువాక, పదో తరగతి దాకా తెలుగు మీడియం, మధురవాడ వైపు కాలేజీలో బీటెక్ మెకానికల్. బార్క్ (భాభా అణు పరిశోధన కేంద్రం) వాళ్ల ఓసీఈఎస్ ఆన్‌లైన్ పరీక్ష గట్టెక్కారు, ముంబైలో ఇంటర్వ్యూకి పిలుపు వచ్చింది, చేతిలో నెల రోజులే ఉన్నాయి. "అన్ని సబ్జెక్టులూ మళ్లీ చదవడానికి టైమ్ లేదు, ఇంగ్లిష్ అంతంతమాత్రం, రికమండేషన్ లేకపోతే రాదని మా వీధిలో అందరూ అంటున్నారు, టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు" అని రాశారు.

నేను కూడా ఒకప్పుడు ఇలాంటి ట్రైనీ ఉద్యోగంతోనే ఒక ప్రభుత్వ రంగ సంస్థలో చేరాను. మొదటి ఇంటర్వ్యూలో తప్పాను, రెండోదానిలో వచ్చింది. ఆ తర్వాత కొన్నేళ్లు ఇంటర్వ్యూ బోర్డులో అవతలి వైపు కూర్చున్నాను. ఇప్పుడు ఎంవీపీ కాలనీలో మా ఇంటి వరండాలో ఆదివారాలు నలుగురైదుగురు పిల్లలను కూర్చోబెట్టి మాక్ ఇంటర్వ్యూలు చేయిస్తుంటాను. వాళ్లలో బార్క్‌కి వెళ్లివచ్చినవాళ్లూ ఉన్నారు.

చదువుతున్న మిగతావాళ్ల కోసం రెండు మాటలు. ఓసీఈఎస్ అంటే ఇంజినీరింగ్ గ్రాడ్యుయేట్లకు, సైన్స్ పీజీ చేసినవాళ్లకు అణుశక్తి విభాగం ఇచ్చే ఏడాది శిక్షణ. 1957 నుంచి నడుస్తోంది. స్టైపెండ్ ఇస్తూ చదివిస్తారు, పాసైతే సైంటిఫిక్ ఆఫీసర్ 'సి' హోదాలో తీసుకుంటారు, మూడేళ్లు పనిచేస్తామని బాండ్ రాయించుకుంటారు. వాళ్ల ఆన్‌లైన్ పరీక్షతో గానీ గేట్ స్కోరుతో గానీ ఇంటర్వ్యూ దాకా వెళ్లవచ్చు. గేట్ దారిలో వెళ్లేవాళ్లు కూడా ముందు బార్క్ పోర్టల్‌లో విడిగా అప్లై చేసి తీరాలి. ఇది తెలియక గేట్‌లో మంచి స్కోరు వచ్చి కూడా ఏడాది పోగొట్టుకున్న పిల్లలను నేను చూశాను. మన వైపు అచ్యుతాపురం దగ్గర బార్క్ వాళ్ల పెద్ద ప్రాంగణం ఉంది కాబట్టి ఈ పేరు విశాఖ పిల్లలకు కొత్త కాదు.

ఓసీఈఎస్‌లో తుది ఎంపిక ఇంటర్వ్యూలో చూపిన ప్రతిభ మీదే జరుగుతుంది. రాతపరీక్ష మార్కులు గుమ్మం దాకా తీసుకొచ్చి వదిలేస్తాయి. పవర్‌గ్రిడ్ లాంటి చోట గేట్‌కి 85 శాతం, ఇంటర్వ్యూకి 12 శాతం వెయిటేజీ ఇచ్చిన నోటిఫికేషన్లు చూశాం. అక్కడ ఇంటర్వ్యూ ఒక మాదిరిగా చేసినా స్కోరు కాపాడుతుంది. బార్క్‌లో కాపాడేదేమీ ఉండదు. ఇంకో వైపు చూస్తే, పరీక్షలో అంచున పాసైనవాళ్లకూ టాప్‌లో ఉన్నవాళ్లకూ ఆ గదిలో తేడా లేదు. మీ మార్కులు ఎంతో మీరు రాయలేదు, రాయనక్కర్లేదు కూడా.

అన్ని సబ్జెక్టులూ చదవాలా అన్నారు. వద్దు. వెళ్లివచ్చిన పిల్లలందరూ చెప్పేది ఒకటే. లోపలికి వెళ్లగానే మీకు పట్టున్న సబ్జెక్టులేమిటో చెప్పమంటారు, మూడో నాలుగో చెబుతారు, ఆ తర్వాత గంట దాకా, ఒక్కోసారి అంతకు మించి, వాటిలోనే తవ్వుతారు. ఏ ప్రభుత్వ టెక్నికల్ బోర్డయినా కొంచెం అటూఇటూగా ఇంతే. మీరు ఫారంలో రాసిన ప్రాజెక్టు, మీ నోటితో చెప్పిన సబ్జెక్టు, మీ ఊరు, ఇవే వాళ్ల చేతిలో ఉన్న సరుకు. నేను బోర్డులో ఉన్నప్పుడు ప్రశ్నల చిట్టా పట్టుకుని వెళ్లేవాడిని కాదు. అభ్యర్థి ఇచ్చిన కాగితం మీద పెన్సిల్‌తో రెండు చోట్ల గీత గీసేవాడిని, అంతే. కాబట్టి ఆ కాగితం మీద ఏముండాలో తేల్చుకోవడమే మీ మొదటి వారం పని.

నేను మొదటిసారి తప్పింది సరిగ్గా ఇక్కడే. సీనియర్లు ఫ్లూయిడ్ మెషినరీ తేలిక అంటే అదే నా ఇష్టమైన సబ్జెక్టు అని రాశాను. వేసవి ట్రైనింగ్ పంప్‌హౌస్‌లో చేశానని కూడా రాశాను. బోర్డులో ఒక పెద్దాయన కాగితం నా వైపు జరిపి, సెంట్రిఫ్యూగల్ పంపును మధ్యకు కోస్తే ఎలా ఉంటుందో గీయమన్నారు. నేను ఒక డబ్బా గీసి, ఒక బాణం లోపలికి, ఒక బాణం బయటికి పెట్టాను. సూత్రాలన్నీ వచ్చు, లోపల ఇంపెల్లర్ (నీటిని తోసే రెక్కల చక్రం) ఎటు తిరుగుతుందో, రెక్కలు ఎటు వంగి ఉంటాయో తెలియదు. ఆయన ఏమీ అనలేదు. కాగితం మళ్లీ తన వైపు తీసుకుని పక్కవారికి ఇచ్చారు. ఆ నిశ్శబ్దం నాకు ఇప్పటికీ గుర్తుంది.

తిరిగొచ్చాక గాజువాక ఆటోనగర్‌లో పంపులు బాగుచేసే షెడ్డుకి వెళ్లాను. రెండు నెలల పాటు వారానికి మూడు రోజులు అక్కడే. ఒకరోజు అక్కడి మేస్త్రీ ఒక పాత ఇంపెల్లర్ చేతిలో పెట్టాడు. రెక్కల మొదట్లో చెదలు తిన్న చెక్కలాగా గుంటలు. తుప్పా అని అడిగితే, "తుప్పు కాదు బాబూ, నీళ్లు ఉడికి తినేసినాయి" అన్నాడు. చల్లటి నీళ్లు ఎలా ఉడుకుతాయి? ఇంపెల్లర్ కంటి దగ్గర, అంటే నీరు లోపలికి వచ్చే నడిమి రంధ్రం దగ్గర, పీడనం బాగా పడిపోతే, మామూలు వేడిలోనే నీరు ఆవిరి బుడగలవుతుంది. ఆ బుడగలు కాస్త ముందుకు పోయి పీడనం పెరిగిన చోట ఒక్కసారిగా లోపలికి కుంగి పగిలిపోతాయి, ఆ దెబ్బకు లోహం ఊడొస్తుంది. పుస్తకంలో దాన్నే కావిటేషన్ అంటారు. నేను దానికి డెఫినిషన్ బట్టీ పట్టాను. ఆ మేస్త్రీ వేలు పెట్టి తడిమి చూపించాడు. పంపును ట్యాంకుకి ఎంత ఎత్తులో పెట్టాలి, సక్షన్ పైపు ఎందుకు లావుగా, పొట్టిగా ఉండాలి, ఎండాకాలం నీళ్లు వేడెక్కితే బెడద ఎందుకు పెరుగుతుంది, అన్నీ ఆ గుంటల్లోంచే అర్థమయ్యాయి. రెండో ఇంటర్వ్యూలో అదే సబ్జెక్టు రాశాను, అదే పంపు వచ్చింది, ఇరవై నిమిషాలు ఆపకుండా మాట్లాడాను.

అందుకని మీకు నా సలహా. మూడు సబ్జెక్టులు ఎంచుకోండి. అవి మార్కులు ఎక్కువ వచ్చినవి కానక్కర్లేదు. కళ్లతో చూసినవి, కాగితం మీద గీయగలిగినవి అయి ఉండాలి. మెకానికల్‌కి థర్మోడైనమిక్స్, హీట్ ట్రాన్స్‌ఫర్ కలిపి పెట్టుకుంటే ఒకదానికొకటి ఆసరా. మూడోది స్ట్రెంత్ ఆఫ్ మెటీరియల్స్ గానీ ఫ్లూయిడ్స్ గానీ. మీ ప్రాజెక్టు దేని మీదో మీరు రాయలేదు. బయట కొన్న ప్రాజెక్టయితే ఆ సంగతి ఇప్పుడే ఒప్పుకుని, అందులోని ప్రతి అంకె ఎక్కడి నుంచి వచ్చిందో ఈ నెలలో మీరే లెక్క కట్టి చూడండి. బోర్డుకి రెండో ప్రశ్నకే తెలిసిపోతుంది.

బోర్డు ఎలా తవ్వుతుందో ఒక ఉదాహరణ చూపిస్తాను. నేను మా వరండాలో తరచుగా వేసేది ఇదే. మీరు విశాఖ నుంచి వచ్చారని చూసి మొదట చాలా తేలిక ప్రశ్న అడుగుతారు. పరవాడ దగ్గర సింహాద్రి థర్మల్ స్టేషన్ చూశారా? చూశాను. ఆ పెద్ద పెద్ద కూలింగ్ టవర్ల పైనుంచి తెల్లగా వచ్చేదేమిటి?

మొన్న ఒక అబ్బాయి ఠక్కున "పొగ సార్" అన్నాడు. 500 మెగావాట్లవి నాలుగు యూనిట్లు, మొత్తం 2000 మెగావాట్లు అని గడగడా చెప్పినవాడే. పొగ వచ్చేది చిమ్నీలోంచి. టవర్ లోంచి వచ్చేది తడి గాలి. లోపల వేడి నీళ్లు జల్లుగా పడుతుంటే గాలి పైకి పోతూ ఆవిరిని మోసుకెళుతుంది, బయట చల్లగాలి తగలగానే ఆ ఆవిరి సన్నని నీటి తుంపరై తెల్లగా కనిపిస్తుంది. ఇది చెప్పగానే రెండో ప్రశ్న. టవర్‌లో ఫ్యాన్ లేదు కదా, గాలిని పైకి ఎవరు లాగుతున్నారు? లోపలి గాలి వేడిగా, తడిగా ఉండి బయటి గాలికన్నా తేలిక, అందుకే పైకి లేస్తుంది, టవర్ అంత ఎత్తు ఉండేది దానికోసమే. మూడో ప్రశ్న. ఆ నీటిని ఎంతవరకు చల్లార్చగలరు? ఇక్కడ చాలామంది "బయటి గాలి ఉష్ణోగ్రత దాకా" అంటారు. కాదు, హద్దు వెట్ బల్బ్ ఉష్ణోగ్రత. తడిగుడ్డ చుట్టిన థర్మామీటర్ చూపించేది అది. కుండలో నీళ్లు బయటి గాలికన్నా చల్లగా ఎందుకుంటాయో తెలిసినవాళ్లకు ఇది తెలిసినట్టే.

నాలుగో ప్రశ్నకి మన ఊరు ఉపయోగపడుతుంది. మే నెలలో విశాఖలో చెమట ఆరదు. గాలిలో తేమ ఎక్కువ కాబట్టి వెట్ బల్బ్ పైన ఉంటుంది. అప్పుడు ప్లాంటుకు ఏమవుతుంది? కాగితం తీసుకుని లెక్క వేయండి. వెట్ బల్బ్ 28 డిగ్రీలు అనుకుందాం. టవర్ నీటిని 32 దాకా దించింది. ఆ నీరు కండెన్సర్‌లోకి వెళ్లి 10 డిగ్రీలు వేడెక్కి 42 అయింది. ఆవిరి దానికన్నా ఇంకో 3 డిగ్రీలు పైన, అంటే 45 దగ్గర నీరవుతుంది. స్టీమ్ టేబుల్‌లో 45 డిగ్రీలకు పీడనం సుమారు 0.096 బార్. అదే చలికాలం పొడి రోజున వెట్ బల్బ్ 23 ఉంటే అన్నీ 5 డిగ్రీలు దిగుతాయి, ఆవిరి 40 దగ్గర నీరవుతుంది, పీడనం 0.074 బార్. టర్బైన్ చివర వ్యాక్యూమ్ బాగుంటే ఆవిరి ఇంకా కిందికి వ్యాకోచించి ఎక్కువ పని చేస్తుంది. ఎంత తేడా? టర్బైన్‌లోకి వచ్చే ఆవిరి 540 డిగ్రీలు అనుకుని కార్నో హద్దు (ఆ రెండు ఉష్ణోగ్రతల మధ్య ఏ ఇంజినూ దాటలేని గరిష్ఠ సామర్థ్యం) వేస్తే, 45కి 60.9 శాతం, 40కి 61.5 శాతం. అసలు ప్లాంటు సామర్థ్యం దీనికన్నా చాలా తక్కువ, కానీ తేడా ఎటువైపు పోతుందో తెలుస్తుంది. అంత పెద్ద ప్లాంటులో అరశాతం అంటే ఎంత బొగ్గో ఊహించండి.

చూశారా, పొగా ఆవిరా అన్న ప్రశ్నతో మొదలై కార్నో దాకా వచ్చాం. ఇంకా కావాలంటే బోర్డు ఆపదు. సింహాద్రి సముద్రపు నీరు వాడుతుంది, ఉప్పునీరు టవర్‌లో ఆవిరవుతూ పోతే ఏమవుతుంది, ఉప్పు పేరుకోకుండా ఏం చేస్తారు, టవర్ నడుము ఎందుకు సన్నం, అని పోతూనే ఉంటారు. ఎక్కడో ఒకచోట మీరు ఆగుతారు. ఆగడం తప్పు కాదు, మిమ్మల్ని అక్కడిదాకా తీసుకెళ్లడమే వాళ్ల ఉద్దేశం. ఆగిన చోట మీరు ఏం చేస్తారో చూస్తారు. తెలియకపోతే తెలియదనండి. కానీ అక్కడితో వదిలేయకండి. "ఇది నేను చదవలేదు, కానీ నీరు పోయి ఉప్పు మిగులుతుంది కాబట్టి గాఢత పెరగాలి, కొంత నీటిని బయటికి వదిలి కొత్త నీరు కలపాలి అనుకుంటున్నాను" అన్న అమ్మాయికి నేను మంచి మార్కులు వేశాను. ఆమెకు బ్లోడౌన్ అన్న మాట తెలియదు. మాట మేం చెప్పాం. విషయం ఆమే చెప్పింది. తెలిసినట్టు నటించి అబద్ధం చెప్పినవాళ్లకు మాత్రం ఎవరమూ వేయలేదు.

మీకు గాజువాక నుంచి ఇలాంటివి ఎన్నో దొరుకుతాయి. ఫిషింగ్ హార్బర్ దగ్గర ఐస్ ఫ్యాక్టరీకి ఒకసారి వెళ్లి అడిగి చూడండి. అమ్మోనియా కంప్రెసర్, ఉప్పునీటి ట్యాంకు, అందులో వరసగా ఐస్ డబ్బాలు. ఉప్పునీరు ఎందుకు, మంచినీరు పెడితే ఏమవుతుంది, అమ్మోనియాకి రాగి పైపులు ఎందుకు వాడరు, అంత ఘాటు వాసన వచ్చే విషవాయువును ఇంకా ఎందుకు వాడుతున్నారు. ఒక్క పూటలో రిఫ్రిజరేషన్ చాప్టర్ మొత్తం కళ్ల ముందుంటుంది.

ఇంగ్లిష్ సంగతి. బోర్డు మీ యాసను చూడదు, వాక్యం అర్థమైతే చాలు. నేను పిల్లలతో చేయించేది ఏమిటంటే, ప్రతి అంశాన్ని ముందు తెలుగులో ఇంట్లో ఒకరికి చెప్పాలి. మీ అమ్మగారికి కూలింగ్ టవర్ అర్థమయ్యేలా చెప్పగలిగితే విషయం మీకు పట్టుబడినట్టే. ఆ తర్వాత అదే చిన్న చిన్న ఇంగ్లిష్ వాక్యాల్లో, కాగితం మీద బొమ్మ గీస్తూ, గట్టిగా పైకి చెప్పాలి. మనసులో చదువుకుంటే నోరు తిరగదు. ద్వారకానగర్‌లో విశాఖ పౌర గ్రంథాలయంలో పొద్దున చదువుకుని, సాయంత్రం ఇంటి మేడ మీద పైకి చెప్పుకునే అమ్మాయి ఒకామె ఉండేది. నెల తిరిగేసరికి ఆమె మాట మారిపోయింది. ప్రశ్న అర్థం కాకపోతే మళ్లీ చెప్పమని అడగడానికి మొహమాటపడకండి. అర్థం కాని ప్రశ్నకు జవాబు చెప్పడం వల్లే ఎక్కువమంది దెబ్బతింటారు.

రికమండేషన్ మాట. మీ వీధిలోవాళ్లు చెప్పేది నమ్మకండి. బోర్డులో కూర్చున్నన్ని రోజులూ ఏ అభ్యర్థి ఎవరి తాలూకో నాకు తెలియదు, తెలుసుకునే తీరికా ఉండేది కాదు. ఫోన్లు బయట పెట్టించేవారు. అయితే మీ ఇంటికి ఎవరో వచ్చి లక్షల్లో అడిగితే అది దొంగతనం, ఒక్క రూపాయి కూడా ఇవ్వొద్దు. మా పక్క వీధిలో ఒక కుటుంబం పొలం అమ్మి ఇచ్చింది, డబ్బూ పోయింది, అబ్బాయి వయసూ దాటిపోయింది. ఓసీఈఎస్‌కి జనరల్‌లో 26 ఏళ్లే హద్దు, పోయిన ఏడాది మళ్లీ రాదు. ఇంకో గందరగోళం కూడా ఉంది. కేంద్రం 2016 జనవరి 1 నుంచి గ్రూప్-సి, నాన్ గెజిటెడ్ గ్రూప్-బి పోస్టులకు ఇంటర్వ్యూలు తీసేసింది. దాన్ని పట్టుకుని కొందరు అసలు ఇంటర్వ్యూలే లేవు, అడిగితే మోసమే అంటున్నారు. ఆఫీసర్ స్థాయిలో ఉన్నాయి, మీకు వచ్చిన పిలుపు నిజమైనదే.

ఇప్పుడు కాగితాలు. దీన్ని ఆఖరి వారానికి వదిలేసి ఏడ్చినవాళ్లు చాలామంది. మనవాళ్లకు మొదటి చిక్కు పేరు దగ్గరే వస్తుంది. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా ముందు ఉంటుంది, ఆధార్‌లో ఒక్క అక్షరమే ఉంటుంది, బీటెక్ మెమోలో ఇంకోలా ఉంటుంది. మూడూ పక్కపక్కన పెట్టి చూసుకోండి. తేడా ఉంటే ఆధార్‌ను పదో తరగతి మెమో ప్రకారం సరిచేయించడానికి ఇవాళే అప్లై చేయండి. రెండోది రిజర్వేషన్. మన బీసీ-ఏ, బీసీ-డి అని ఉన్న రాష్ట్ర సర్టిఫికెట్ అక్కడ చెల్లదు. మీ కులం కేంద్ర ఓబీసీ జాబితాలో ఉందో లేదో చూసుకుని, నాన్-క్రీమీలేయర్ సర్టిఫికెట్‌ను కేంద్ర ఫార్మాట్‌లోనే తీసుకోవాలి. సచివాలయంలో ఆ మాట నొక్కి చెప్పండి, లేకపోతే అలవాటు కొద్దీ రాష్ట్ర ఫార్మాట్ ఇచ్చేస్తారు. ఈడబ్ల్యూఎస్ అయితే ఏ ఆర్థిక సంవత్సరానిదో చూసుకోండి, పాతది పనికిరాదు. మూడోది సీజీపీఏ. శాతంగా మార్చే సూత్రం మీ యూనివర్సిటీది మాత్రమే వాడాలి. సీజీపీఏలోంచి 0.75 తీసేసి 10తో గుణించే పద్ధతి కొన్ని బ్యాచ్‌లకు ఉంది, నేరుగా 10తో గుణించి ఫారంలో రాసేస్తే వెరిఫికేషన్‌లో తప్పు పట్టుకుంటారు. అర్హత 60 శాతం దగ్గర ఉన్నవాళ్లకు ఈ ముప్పావు పాయింటే ప్రాణం మీదకు తెస్తుంది. యూనివర్సిటీ నుంచి ఆ సూత్రం ఉన్న కాగితం సంతకం, ముద్రతో తీసుకెళ్లండి.

బట్టలు శుభ్రంగా ఉంటే చాలు, చుడీదార్ అయినా చీర అయినా మీకు అలవాటైనది. కొత్త చెప్పులు ఆ రోజు వేసుకోవద్దు. గ్రూప్ డిస్కషన్ గురించి అడిగారు, దీనికి లేదు. రేపు పీఎస్‌యూలకు (ప్రభుత్వ రంగ సంస్థలకు) వెళ్లినప్పుడు కొన్నిచోట్ల ఉంటుంది, అప్పుడు చూద్దాం.

ప్రయాణం ఇంటర్వ్యూకి కనీసం ఒక రోజు ముందు చేరేలా పెట్టుకోండి. విశాఖ నుంచి లోకమాన్య తిలక్ టెర్మినస్‌కి నేరుగా రైలుంది, రాత్రి ఎక్కితే మర్నాడు పగలంతా రైల్లోనే గడుస్తుంది. ఆ టెర్మినస్ చెంబూర్‌కి, అణుశక్తినగర్‌కి దగ్గర్లోనే. నాన్నగారిని తోడు తీసుకెళతానన్నారు, మంచిదే. లోపలికి రానివ్వరు కాబట్టి ఆయన ఎక్కడ కూర్చోవాలో ముందే అనుకోండి, ఎండలో గేటు దగ్గర నిలబెట్టి మీరు లోపల ఆయన గురించి ఆలోచిస్తూ ఉండకూడదు.

తిరుగు రైలు ఎక్కగానే, పక్కవాళ్లు భోజనాలు విప్పే లోపే, ఒక నోట్‌బుక్ తీసి అడిగిన ప్రశ్నలన్నీ వరసగా రాయండి. ఎక్కడ ఆగారో, వాళ్లు ఏ మాట అందించారో, మీరేం గీశారో అన్నీ. మొదటిసారి తిరిగొస్తూ నేను రాసుకున్న కాగితంలో మూడో లైను ఇలా ఉంది: "పంపు లోపల ఎలా ఉంటుందో చూడాలి." ఆటోనగర్ షెడ్డుకి ఆ లైను పట్టుకునే వెళ్లాను.